తుపాకుల బాకీ

'తుంగభద్రకు ఈవల' – ధారావాహిక, 11వ భాగం

పోయిన వారం గంగాపూర్ స్టేషను దగ్గర ఆగాం. 1948 మే 22న మద్రాసు–బొంబాయి మెయిలు మీద నిజాం పక్షపు సాయుధ దళం రజాకార్లు పడ్డ చోటు అది. ఆ మెయిలు మన కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా పోయే బండే. ఆదోని దాటి, తుంగభద్ర వంతెన దాటి రాయచూరులో అడుగు పెడితే నైజాం ఇలాకా మొదలు. గుల్బర్గా పోయి, ఆపైన షోలాపురం దిక్కు చేరేదాకా ఆ ఇలాకాలోనే పోవాలి. గుంతకల్లులో బొంబాయికి టిక్కెట్టు కొన్న అనంతపురం చెనక్కాయల వ్యాపారికీ, చదువుకోసం పోయే కుర్రవాడికీ ఆ కాసిన్ని గంటల ప్రయాణం ఆ ఎండాకాలంలో ప్రాణసంకటం అయింది.

రైలు పట్టాల మీద పోతుంది కాబట్టి ఆపాలనుకున్నవాడు ఆపగలడు. ఇండియా ప్రభుత్వం కూడా ఆ పనే చేసింది. హైదరాబాదుకు పోయే ఆయుధాలను, పెట్రోలును సరిహద్దుల్లో నిలిపేసింది. అధికారికంగా దిగ్బంధం అనే మాట ఒప్పుకోకపోయినా, జరిగింది అదే. హైదరాబాదు సంస్థానానికి సముద్రం లేదు. నాలుగు దిక్కులా ఇండియాయే. ఇక మిగిలింది ఆకాశం ఒక్కటే. ఆ దారిన వచ్చినవాడి కథ ఈ వారం.

ఆయన పేరు సిడ్నీ కాటన్. కాటన్ అంటే మన జనానికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దొర గుర్తుకొస్తాడు. ఈయన వేరు. 1894లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో, పశువుల మేతభూములున్న కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపు విమాన విభాగంలో పైలటుగా చేరాడు. ఆ రోజుల్లో విమానాలకు పైకప్పు ఉండేది కాదు, చలికి చేతులు కొయ్యబారిపోయేవి. ఒకనాడు ఉన్నపళాన ఎగరవలసి వచ్చి, నూనె, గ్రీజు పట్టిన మెకానిక్ పనిబట్టలతోనే పైకి పోయాడు. దిగాక చూసుకుంటే తోటివాళ్లందరూ వణుకుతున్నారు, తనకు మాత్రం చలి తెలియలేదు. ఆ జిడ్డే గాలిని లోపలికి పోనివ్వలేదని పసిగట్టి, ఒంటిని పూర్తిగా కప్పే పైలట్ల దుస్తు ఒకటి కుట్టించాడు. సిడ్నీ కాటన్ పేరులోని ముక్కలు కలిపి దానికి 'సిడ్‌కాట్' అని పేరు పడింది. బ్రిటిష్ పైలట్లు రెండో ప్రపంచ యుద్ధం దాకా దాన్ని వాడారు.

యుద్ధం ముగిశాక ఆయన కెనడా పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ పోయాడు. రోడ్లు లేని, సగం ఏడాది మంచులో మునిగే దేశం. అక్కడ విమానంతో సీల్ జంతువుల మందలు ఎక్కడున్నాయో వెతికిపెట్టడం, ఉత్తరాలు మోయడం, అడవుల కొలతలు తీయడం ఆయన పని. ఇలాంటి పనినే విమానాల లోకంలో 'బుష్ ఫ్లయింగ్' అంటారు. దారి చూపే దీపం ఉండదు, దిగడానికి సరైన నేల ఉండదు, చెడిపోతే బాగుచేసే మనిషి నూరు మైళ్ల దూరంలో కూడా ఉండడు. దొరికిన చదునులో దిగాలి, దిగినచోటి నుంచి మళ్లీ లేవాలి. కాటన్ ఆ విద్యను 1920ల మొదట్లో మంచు మీద నేర్చుకున్నాడు. పాతికేళ్ల తర్వాత దాన్ని తెచ్చి మన దక్కను మీద వాడాడు.

మధ్యలో ఇంకొక పెద్ద అధ్యాయం ఉంది. 1938–39లో బ్రిటిష్ గూఢచారి విభాగం కోసం ఒక లాక్‌హీడ్ విమానం అడుగున కెమెరాలు దాచి, వ్యాపారినని చెప్పుకుంటూ జర్మనీ అంతా తిరిగి, సైనిక స్థావరాల ఫోటోలు తీశాడు. యుద్ధం మొదలయ్యే ముందు బెర్లిన్ నుంచి బయటపడ్డ ఆఖరి పౌర విమానం ఆయనదేనని అంటారు. యుద్ధకాలంలో ఆకాశం నుంచి ఫోటోలు తీసే విభాగాన్ని బ్రిటన్ ఆయన చేతనే మొదలుపెట్టించింది. అయితే పై అధికారుల మాట వినే మనిషి కాదు. 1940లో ఆ విభాగం నుంచి తప్పించారు. 1948 నాటికి కాటన్ యాభై నాలుగేళ్ల మనిషి. గొప్ప పేరు ఉంది, చేతిలో చెప్పుకోదగ్గ పని లేదు. ఆ సమయంలో హైదరాబాదు ప్రధాని మీర్ లాయక్ అలీకి సరిగ్గా ఇలాంటి మనిషే కావలసి వచ్చాడు.

లాయక్ అలీ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. 1947 నవంబరు 29న ఇండియాతో కుదిరిన యథాతథ ఒప్పందం ఒక ఏడాదికే. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు స్వతంత్రంగా ఉండాలని కోరిక. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ అయితే ఇంకా ముందుకు పోయి, బంగాళాఖాతం అలలు నిజాం ప్రభువు పాదాలు కడుగుతాయని సభల్లో గర్జించేవాడు. సముద్రం దాకా పోవాలంటే మధ్యలో ఉన్నది మన తెలుగు జిల్లాలే. కానీ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ చేతిలో పాత తుపాకులు తప్ప ఏమీ లేవు. ఖజానాలో డబ్బుంది, అమ్మేవాళ్లు యూరపులో ఉన్నారు. తెచ్చి దించేవాడు కావాలి.

కాటన్ ఎంచుకున్న విమానం లాంకాస్ట్రియన్. జర్మనీ మీద బాంబులు కురిపించిన లాంకాస్టర్‌నే పౌర విమానంగా మార్చి చేసినది. నాలుగు ఇంజన్లు. నిండు బరువుతో దాదాపు 29 టన్నులు తూగుతుంది. కరాచీలో బయలుదేరి, చీకట్లో ఇండియా మీదుగా వచ్చి, బీదరులోనో వరంగల్లులోనో సరుకు దించి, అదే రాత్రి తిరిగి పోవడం పద్ధతి. కరాచీ నుంచి బీదరుకు తిన్నగా గీత గీస్తే సుమారు 1,300 కిలోమీటర్లు. మామూలు వేగం గంటకు సుమారు 390 కిలోమీటర్లు కాబట్టి, ఎదురుగాలిని, మేఘాలను, పట్టణాలను తప్పించుకుంటూ వస్తే నాలుగు గంటల ప్రయాణం. ఈ విమానానికి ఇంకొక గుణం ఉంది. ఒకసారి ట్యాంకులు నింపుకుంటే ఆరువేల కిలోమీటర్లకు పైగా ఎగరగలదు. పెట్రోలుకే కటకటగా ఉన్న హైదరాబాదులో చుక్క ఇంధనం అడగకుండా వచ్చినదారిన పోగలదు. దిగ్బంధాన్ని ఛేదించడానికి దీనికి మించిన బండి ఆనాడు దొరకదు.

ఇప్పుడు ఆ నాలుగు గంటల్లో పైలటు కూర్చున్న చోటికి వద్దాం. నెలలు జూన్ నుంచి సెప్టెంబరు. అంటే నైరుతి రుతుపవనాలు. అనంతపురం మిట్ట మీద మనకు ఆ నెలలంటే దుమ్ము రేపే ఎండుగాలి, తల మీదుగా తూర్పుకు పరుగెత్తే ఖాళీ మబ్బులు. మన దగ్గరికి ఎండిపోయి వచ్చే ఆ గాలే పడమటి కనుమల మీద వానంతా దిమ్మరించి వస్తుంది. కరాచీ నుంచి వచ్చే విమానం ఆ కనుమలనే దాటాలి. సహ్యాద్రిలో కల్సూబాయి శిఖరం ఎత్తు 1,646 మీటర్లు. రాత్రి, వాన, మబ్బు. కింద కొండ ఎక్కడుందో కంటికి కనబడదు. చుక్కలను చూసి దారి పట్టుకుందామంటే మబ్బు అడ్డం. కింద ఉన్న విమానాశ్రయాన్ని రేడియోలో అడుగుదామంటే అది ఇండియాది, నోరు తెరిస్తే దొరికిపోతాడు. కాబట్టి దిక్సూచి, గడియారం, గాలి ఎంత వీస్తోందన్న అంచనా, ఈ మూడింటితోనే లెక్క కట్టుకుంటూ రావాలి. పక్కగాలిని గంటకు 30 కిలోమీటర్లు తక్కువగా అంచనా వేస్తే చాలు, నాలుగు గంటలయ్యేసరికి 120 కిలోమీటర్లు పక్కకు కొట్టుకుపోతాడు. బీదరు మీద ఉండవలసినవాడు నాందేడు దిక్కున ఉంటాడు.

అక్కడితో అయిపోదు. దాక్కోవడానికి చీకటి కావాలి, దిగడానికి వెలుతురు కావాలి. కనుమల ఆవల కన్నుమిన్ను కానని చీకటి తన మేలు కోరేది. బీదరు ఎర్రరాతి మిట్ట మీదికి రాగానే అదే చీకటి శత్రువు. కిందివాళ్లు దీపాలు ముందే వెలిగిస్తే ఊరందరికీ తెలుస్తుంది, ఆలస్యంగా వెలిగిస్తే విమానం నేలను తప్పుతుంది. లోపల ఉన్నది తుపాకులు, మందుగుండు. చక్రం ఒక గుంటలో పడితే చాలు.

ఇండియా వైమానిక దళం ఎందుకు ఆపలేకపోయిందని నన్ను చాలామంది అడిగారు. అప్పటి మన దళం దగ్గర పగలు పోరాడే టెంపెస్టులు, స్పిట్‌ఫైర్లు ఉన్నాయి. రాత్రిపూట శత్రు విమానాన్ని వెతికి పట్టుకోవడానికి కావలసిన రాడార్లూ, ఆ తర్ఫీదు పొందిన పైలట్లూ లేరు. ఉన్న బలం కాశ్మీరులో చిక్కుకుని ఉంది. ఆ మే నెల 24నే మన దళపు అధికారి మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, 11,500 అడుగుల ఎత్తున ఉన్న లేహ్ ఇసుక మైదానంలో మొట్టమొదటిసారి డకోటాను దించాడు. మ్యాపు సరిగా లేదు, ఆక్సిజను లేదు. ధైర్యంలోనూ నేర్పులోనూ అది కాటన్ చేసిన పనికి ఏమాత్రం తీసిపోదు. పైగా ఆ డకోటాల వెనుక ముట్టడిలో చిక్కిన ఊళ్లున్నాయి. ఆ ఏడాది ఆకాశం అంతటా ఇదే కథ. జూన్ నెలాఖరు నుంచి బెర్లిన్‌కు బొగ్గు, పిండి విమానాల్లోనే పోయాయి, ఆ పనిలో లాంకాస్ట్రియన్లు కూడా ఇంధనం మోశాయి. అంతకు ముందటేడు 1947 జూలైలో, ఇండోనేషియా స్వాతంత్ర్య పోరాటానికి మందులు తీసుకుపోతున్న బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ డకోటాను యోగ్యకర్త దగ్గర డచ్చివాళ్లు కూల్చేశారు. అందులో మందుల పెట్టెలు తప్ప తుపాకులు లేవు. అయినా కూల్చారు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఒక ప్రాంతం ప్రభుత్వం నుంచి విడిపోతానని తిరగబడ్డప్పుడు అక్కడికి పోయే చిన్న విమానం ఏది మోస్తోందో కిందివాడికి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోడు. నైజీరియా నుంచి బయాఫ్రా 1967లో విడిపోయినప్పుడు, ఉలీ అనే చోట ఒక తారురోడ్డును వెడల్పు చేసి విమానాలు దించారు. విమానం దిగే కొన్ని క్షణాలే దీపాలు వెలిగించేవారు, పైన నైజీరియా బాంబు విమానం కాచుకుని తిరుగుతుండేది. ఆ నేల మీదికే తుపాకులూ వచ్చాయి, ఆకలితో మాడుతున్న పిల్లలకు పాలపొడీ వచ్చింది. చర్చి సంస్థలు అయిదువేలకు పైగా ప్రయాణాలు చేశాయి. 1969 జూన్ 5న రెడ్‌క్రాస్ విమానాన్నే కూల్చేశారు. నిన్నమొన్నటి సంగతి చూడండి: ఇండోనేషియాలోని పాపువాలో కొండ అంచున ఉన్న పారో అనే చిన్న నేల మీద 2023 ఫిబ్రవరి 7న దిగిన న్యూజీలాండ్ పైలట్ ఫిలిప్ మెర్టెన్స్‌ను అక్కడి స్వాతంత్ర్య పోరాటగాళ్లు పట్టుకుపోయి, విమానం తగలబెట్టారు. 2024 సెప్టెంబరు 21 దాకా, ఏడాదిన్నరకు పైగా, ఆయన అడవిలో బందీ. ఆ ఊళ్లకు రోడ్డు లేదు. బియ్యం, మందులు, ఉపాధ్యాయులు ఆ ఒక్క ఇంజను విమానాల్లోనే పోవాలి. పైలటును పట్టుకుంటే ముందు ఆగేది ఊరి రోగి ప్రయాణమే.

మన గడ్డ మీద కూడా ఇలాంటి ఆకాశం ఉంది. 2008 ఆగస్టు 3న హైదరాబాదు నుంచి రాయపూర్ వైపు బయలుదేరిన ఒక బెల్ 430 హెలికాప్టరు ఖమ్మం జిల్లా దాటి అడవిలో మాయమైంది. అందులో నలుగురు. వాన, కొండలు, పైగా మావోయిస్టుల అడవి కావడంతో వెతికేవాళ్లు కాలినడకన లోపలికి పోలేని పరిస్థితి. శిథిలాలు నవంబరులో గాని దొరకలేదు. మావోయిస్టులది వేరు దేశం అడిగే ఉద్యమం కాదు. అయినా తుపాకులున్న అడవి మీద ఎగిరేవాడికి ఆ తేడా అక్కరకు రాదు. కూలితే ఎవరూ రారు.

కాటన్‌కు మాత్రం అలాంటి గతి పట్టలేదు. ఇండియా ప్రభుత్వం లండన్‌కు గట్టిగా ఫిర్యాదు చేసింది, బ్రిటిష్ విమానాలు, బ్రిటిష్ పైలట్లు మా ఆకాశాన్ని దొంగదారిగా వాడుతున్నారని. చివరకు లండన్ కోర్టులో ఆయన మీద కేసు నడిచింది. వేసిన జరిమానా 200 పౌన్లు. 1969లో చనిపోయేదాకా ఆ హైదరాబాదు రాత్రులు ఆయన చెప్పుకున్న సాహసాల్లో ఒకటిగా నిలిచాయి. ఆయన ధైర్యాన్ని నేను తక్కువ చేయను. మంచు మీదా మబ్బులోనూ అంత నేర్పుగా విమానం నడిపినవాళ్లు చరిత్రలో కొద్దిమందే. కానీ ఆ ప్రాణాపాయం ఆయన ఎంచుకున్నది, కూలి మాట్లాడుకుని ఒప్పుకున్నది. కింద వరంగల్లు, నల్లగొండ పల్లెల్లో పండుకున్న రైతు దేన్నీ ఎంచుకోలేదు. ఆ ఆగస్టు 22న ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు వీధిలో చంపారు. ఆయన చేసిన నేరం ఇండియాలో చేరడమే మేలని రాయడం. 27న భైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం పోలీసులు విరుచుకుపడ్డారు. బురుజెక్కి పోరాడిన ఆ ఊరి జనాన్ని పట్టి వరసగా నిలబెట్టి కాల్చారు. కాటన్ దించిన తుపాకులే అక్కడ పేలాయని నేను అనడం లేదు. కానీ ఏ పాలన చేతుల్లో అవి దించబడ్డాయో ఆ రెండు తేదీలు చెబుతాయి.

ఆయుధాల కన్నా పెద్ద హాని ఇంకొకటి జరిగింది. ఆ విమానాల మోత విన్న హైదరాబాదు పెద్దలకు ఆశ పుట్టింది. జూన్‌లో మౌంట్‌బాటన్ దేశం విడిచిపోయే ముందు ఒక ఒప్పందపు ముసాయిదా వాళ్ల ముందుంది. ఇంత మెత్తని షరతులు మళ్లీ రావని ఆనాడే చాలామందికి తెలుసు. నిజాం దాన్ని తోసిపుచ్చాడు. నాలుగు విమానాల సరుకుతో ఇండియా సైన్యాన్ని ఆపగలమని ఎల్ ఎద్రూస్ లాంటి సిపాయి నమ్మి ఉంటాడని నేను అనుకోను. కానీ దర్బారులో వినబడిన గొంతులు రజ్వీవి, లాయక్ అలీవి. కాస్త నిలదొక్కుకుంటే ఐక్యరాజ్యసమితి కలగజేసుకుంటుంది, పాకిస్తాను ఊరుకోదు అనుకున్నారు. సెప్టెంబరు 11న జిన్నా మరణించాడు. 13 తెల్లవారుజామున ఇండియా సైన్యం కదిలింది. మొదటి దెబ్బ పడ్డవి బీదరు, వరంగల్లు విమాన స్థావరాలే. ఏ దారిని తెరిచి ఉంచడానికి అంత డబ్బు పోశారో ఆ దారి ఆ పొద్దునే మూసుకుంది. 17 సాయంత్రానికి నిజాం లొంగిపోయాడు.

రక్షణను డబ్బుతో కొనడం ఆసఫ్‌జాహీలకు ఇది మొదటిసారి కాదు. 1800 అక్టోబరులో రెండో నిజాం ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తన దగ్గర ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు కింద, టిప్పు నుంచి తన వాటాకు వచ్చిన సీమనంతా కంపెనీకి రాసిచ్చేశాడు. అనంతపురం, బళ్లారి, కడప అలా చేతులు మారాయి. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి అనంతపురంలో కచేరీ పెట్టాడు. 'దత్తమండలం' అన్న పేరు మనకు నూరేళ్లకు పైగా అంటిపెట్టుకుంది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అనేదాకా. అప్పుడు ఇచ్చింది నేల. ఆ నేల మీది రైతును ఎవరూ అడగలేదు. 1948లో ఇవ్వడానికి మిగిలింది పౌన్లు, బంగారం.

ఆ పౌన్ల గొడవ ఇంకా చాలాకాలం నడిచింది. హైదరాబాదు లొంగిపోయిన మూడు రోజులకు, 1948 సెప్టెంబరు 20న, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి 10,07,940 పౌన్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహిమ్‌తూలా పేరున మారిపోయాయి. మార్చినవాడు నిజాం విదేశాంగ మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. వారం తిరిగేసరికి నిజాం ఆ బదిలీ తన అనుమతి లేకుండా జరిగిందని, డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగాడు. కేసు ప్రభువుల సభ దాకా పోయింది. ఒక స్వతంత్ర దేశాన్ని తమ కోర్టుకు ఈడ్వలేమని 1957లో తేల్చారు. డబ్బు బ్యాంకులోనే ఉండిపోయింది, వడ్డీ పెరుగుతూ.

2013లో పాకిస్తానే మళ్లీ కోర్టుకెక్కింది. దాని వాదనల్లో ఒకటి ఇది: మేం హైదరాబాదుకు ఆయుధాలు చేరవేశాం, ఆ బాకీ కింద ఈ సొమ్ము మాది. అలా డెబ్బై ఏళ్ల తర్వాత సిడ్నీ కాటన్ రాత్రి ప్రయాణాలు లండన్ హైకోర్టులో కాగితాల మీదికి ఎక్కాయి. 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు చెప్పారు. హైదరాబాదు ఆయుధాలు సంపాదించుకోవడానికి పాకిస్తాన్ సాయపడ్డ మాట నిజమే, కానీ ఈ డబ్బు దానికి చెల్లింపు అనడానికి ఆధారం లేదు అన్నారు. అప్పటికి ఆ పది లక్షలు సుమారు మూడున్నర కోట్ల పౌన్లు అయ్యాయి. అవి ఇండియాకు, నిజాం వారసులకు చెందుతాయని తేలింది.

వచ్చే వారం మళ్లీ నేల మీదికి వద్దాం. 1948 సెప్టెంబరు 13న హోస్పేట దగ్గర చక్కెర ఫ్యాక్టరీ కోసం జరిగిన పోరు, అందులో మైసూరు పదాతిదళం పాత్ర.